మన కుక్కకి, మన పిల్లికి ఆ టెస్ట్ ఎందుకు రాశారు? (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండీ. పెట్స్‌కి చేసే టెస్టుల గురించి మాట్లాడమన్నారు, చాలా సంతోషం. క్లినిక్‌లో ఇవన్నీ తీరిగ్గా చెప్పే టైమ్ ఉండదు, అక్కడ టేబుల్ మీద కుక్క వణుకుతూ ఉంటుంది, బయట ఇంకో నలుగురు వెయిట్ చేస్తుంటారు, మేము గబగబా సీబీసీ (రక్తకణాల లెక్క), ఎల్ఎఫ్‌టీ (లివర్ టెస్టులు), కేఎఫ్‌టీ (కిడ్నీ టెస్టులు) అని రాసిచ్చేస్తాం, మీరు చేయించుకొస్తారు, సాయంత్రానికి ఫోన్‌కి పీడీఎఫ్ వస్తుంది, అందులో రెండు నంబర్లు బోల్డ్‌లో ఉంటాయి, ఇక ఆ రాత్రి మీకు నిద్ర పట్టదు. నాకు తెలుసండీ, పొద్దున్నే ఫోన్ చేస్తారు కదా, గొంతు వింటేనే తెలిసిపోతుంది.

అందుకే ఆ బోల్డ్ నంబర్ సంగతితోనే మొదలుపెడతా. రిపోర్ట్‌లో పక్కన నార్మల్ రేంజ్ అని ఇస్తారు చూడండి, అదెలా వస్తుందంటే, ఆరోగ్యంగా ఉన్న జంతువుల్ని చాలావాటిని తీసుకుని, అన్నిటికీ ఆ టెస్ట్ చేసి, వచ్చిన విలువల్లో మధ్యలో ఉన్న 95 శాతాన్ని నార్మల్ అని గీత గీస్తారు. అంటే మిగతా 5 శాతం కూడా ఆరోగ్యంగా ఉన్నవే, కానీ గీత అవతల పడ్డాయి. ఇప్పుడు మీరు ఒక ప్యానెల్, అంటే ఒకేసారి చేసే టెస్టుల గుంపు, చేయించారు, అందులో 20 టెస్టులున్నాయి అనుకోండి, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి అనుకుని లెక్క కడితే, ఏ జబ్బూ లేని కుక్కకి కూడా కనీసం ఒక్క నంబర్ బోల్డ్‌లో వచ్చే అవకాశం దాదాపు 64 శాతం. సగానికన్నా ఎక్కువ! కాబట్టి బోల్డ్‌లో ఏదో ఒకటి రావడం మామూలే. ఎంత తేడాతో వచ్చింది, దానికి తోడుగా మారాల్సిన మిగతా నంబర్లు కూడా మారాయా, పెట్‌లో కనిపిస్తున్న లక్షణాలతో కలుస్తుందా, మేము చూసేది ఇదండీ.

ఆ రేంజ్ కూడా అందరికీ ఒకటి కాదు. గ్రేహౌండ్‌కి ఎర్రరక్తకణాలు మామూలు కుక్కల కన్నా ఎక్కువ, ప్లేట్‌లెట్లు తక్కువ, థైరాయిడ్ హార్మోన్ టీ4 కూడా తక్కువే ఉంటుంది, అది దాని పుట్టుక, జబ్బు కాదు. కావలియర్ కింగ్ ఛార్ల్స్ స్పానియల్స్‌లో చాలావాటికి ప్లేట్‌లెట్లు తక్కువగా, కానీ సైజు పెద్దగా ఉంటాయి, వంశపారంపర్యంగా వస్తుంది, దానికి ట్రీట్‌మెంట్ అక్కర్లేదు. ఏఎల్‌పీ అని లివర్ నుంచి, ఎముకల నుంచి రక్తంలోకి వచ్చే ఎంజైమ్ ఒకటుంది, కుక్కపిల్లల్లో అది ఎక్కువ వస్తే ఎముకలు పెరుగుతున్నాయని అర్థం, చాలామంది లివర్ పాడైందని హడలిపోతారు. అదే పిల్లుల్లో ఏఎల్‌పీ కొంచెం పెరిగినా మేము సీరియస్‌గా తీసుకుంటాం, ఎందుకంటే పిల్లి రక్తంలో ఆ ఎంజైమ్ కొన్ని గంటల్లోనే సగానికి తగ్గిపోతుంది, అయినా ఎక్కువ కనిపిస్తోందంటే లోపల ఏదో నడుస్తోందని.

ఇక్కడ మీకొక ప్రశ్న ఇస్తాను, ఇవాళ ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. ఏ డాక్టర్ ఏ టెస్ట్ రాసినా, "డాక్టర్ గారూ, ఇది పాజిటివ్ వస్తే ఏం చేస్తాం, నెగెటివ్ వస్తే ఏం చేస్తాం?" అని అడగండి. రెండిటికీ ఒకటే సమాధానం వస్తే ఆ టెస్ట్ ఇప్పుడు అవసరమా అని మళ్ళీ ఆలోచించాలి. ఇలా అడిగితే డాక్టర్‌కి కోపం వస్తుందేమో అని మొహమాటపడకండి, మాకు కోపం రాదు, రాకూడదు కూడా. మీ డబ్బు, మీ పెట్ ఒంట్లోంచి తీసే రక్తం, అడిగే హక్కు మీకుంది.

సరే, కిడ్నీల దగ్గరికొద్దాం, ఎందుకంటే వయసు మీద పడ్డ పిల్లుల్లో ఎక్కువగా చూసేది ఇదే. క్రియాటినిన్ అందరికీ తెలిసిన టెస్ట్, కిడ్నీలు బయటికి పంపాల్సిన ఒక వ్యర్థం రక్తంలో ఎంత మిగిలిందో చెప్తుంది. దాంతో వచ్చిన చిక్కేంటంటే కిడ్నీ పనితనం దాదాపు 75 శాతం పోయేదాకా అది నార్మల్ గీత దాటకపోవచ్చు. ఇంకో చిక్కు, క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది, ముసలి పిల్లి చిక్కి సగమైపోయి ఉంటే కండే లేదు కాబట్టి కిడ్నీలు దెబ్బతిన్నా నంబర్ బాగానే కనిపిస్తుంది. ఎస్‌డీఎంఏ అని ఇంకో టెస్ట్ ఉంది, దానికి కండరాలతో పనిలేదు, సుమారు 40 శాతం పోయినప్పుడే పెరగడం మొదలవుతుంది, అందుకే క్రియాటినిన్‌తో పాటు అది కూడా రాస్తున్నాం. అయితే ఏ టెస్ట్ అయినా ఒక్కసారి చూసిన నంబర్ కన్నా అది ఎటు నడుస్తోందన్నది ముఖ్యం. క్రియాటినిన్ పోయినేడు 0.9, ఈ ఏడు 1.4 వచ్చిందనుకోండి, ల్యాబ్ లెక్కలో రెండూ నార్మలే, ఏదీ బోల్డ్‌లో రాదు, కానీ ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నేను ఊరుకోను. అందుకే పాత రిపోర్టులు పారేయకండి, ఒక ఫైల్లో పెట్టండి, లేదా ఫోటో తీసి ఫోన్‌లో దాచుకోండి, వేరే డాక్టర్ దగ్గరికి వెళ్ళినా పట్టుకెళ్ళండి.

కిడ్నీకి రక్తం ఎంత ముఖ్యమో యూరిన్ అంతే ముఖ్యం అండీ, ఇది మాత్రం నేను ఎక్కడికెళ్ళినా చెప్తాను, ఎందుకంటే అందరూ రక్తానికి ఒప్పుకుంటారు గానీ యూరిన్ అనేసరికి "అది ఎలా పడతాం డాక్టర్" అని వదిలేస్తారు. చిన్న పరికరం ఉంటుంది, రిఫ్రాక్టోమీటర్ అంటారు, దాని గాజు మీద ఒక్క చుక్క యూరిన్ వేసి వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తే లోపల ఒక గీత కనిపిస్తుంది, స్పెసిఫిక్ గ్రావిటీ అంటాం. కుక్కకి 1.030 దాటితే, పిల్లికి 1.035 దాటితే కిడ్నీలు నీటిని బాగానే పట్టి ఉంచుతున్నాయి, యూరిన్‌ని చిక్కగా చేయగలుగుతున్నాయి అని. ఒంట్లో నీళ్ళు తగ్గిపోయి ఉన్నప్పుడు కూడా 1.008 నుంచి 1.012 మధ్యే ఆగిపోయిందంటే కిడ్నీ ఆ పని చేయలేకపోతోందేమో అని అనుమానించాలి. క్రియాటినిన్ పెరిగిన పెట్‌కి డీహైడ్రేషన్ వల్ల పెరిగిందా, కిడ్నీ వల్ల పెరిగిందా అని తేల్చేది ఈ ఒక్క చుక్కే. కాగితం స్ట్రిప్ మీద కూడా స్పెసిఫిక్ గ్రావిటీ గడి, తెల్లకణాల గడి ఉంటాయి, అవి మనుషుల కోసం చేసినవి, కుక్కల్లో పిల్లుల్లో ఆ రెండిటినీ నమ్మలేం, మిగతా గడుల్లో చాలావరకు పనికొస్తాయి.

పట్టడం ఎలా అంటారా. కుక్కకయితే పొద్దున్నే మొదటిసారి బయటికి తీసుకెళ్ళేటప్పుడు బెల్ట్ పొట్టిగా పట్టుకోండి, పొడుగు కాడ ఉన్న శుభ్రమైన గరిటె ఒకటి దానికోసమే పక్కన పెట్టుకోండి, అది మొదలుపెట్టగానే కాదు, ఒక క్షణం ఆగి మధ్యలో గరిటె కిందకి జరపండి, హడావిడిగా ముందే పెడితే కొన్ని కుక్కలు భయపడి ఆపేస్తాయి. పిల్లికి నీళ్ళు పీల్చని ప్లాస్టిక్ పూసల లిట్టర్ దొరుకుతుంది, అది పోసి పెడితే కింద నిలిచిన దాన్ని సిరంజితో తీసుకోవచ్చు. తీసినవెంటనే తీసుకురండి, ఆలస్యమవుతుందంటే మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, కానీ ఫ్రిజ్‌లో పెట్టిందని మాకు చెప్పండి, చల్లబడితే అందులో కొత్తగా క్రిస్టల్స్ ఏర్పడతాయి, అవి చూసి లేని రాళ్ళ సమస్య ఉందనుకునే ప్రమాదం ఉంది. కల్చర్, అంటే యూరిన్‌లో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే టెస్ట్, చేయాలంటే మాత్రం ఇంట్లో పట్టింది చాలదు, పొట్ట మీంచి సన్న సూదితో నేరుగా బ్లాడర్‌లోంచి తీస్తాం, వినడానికి భయంగా ఉంటుంది కానీ చాలా పిల్లులు కదలనైనా కదలవు.

పిల్లుల మాట వచ్చింది కాబట్టి వాటి గురించి విడిగా చెప్పాలి. పిల్లి ఇంట్లో ఒకలా ఉంటుంది, క్లినిక్‌లో ఇంకోలా ఉంటుంది, దాని రక్తం కూడా అంతే. భయపడ్డ పిల్లికి షుగర్ 300 దాకా కూడా ఎగబాకొచ్చు, ఏ డయాబెటిసూ లేకుండానే! ఆ ఒక్క నంబర్ చూసి ఇన్సులిన్ మొదలుపెడితే ప్రాణం మీదకొస్తుంది. అందుకే ఫ్రక్టోసమైన్ అనే టెస్ట్ చేస్తాం, అది గత రెండు వారాల్లో షుగర్ సుమారుగా ఎలా ఉందో చెప్తుంది, ఆ గంటసేపు పడ్డ భయం దాంట్లో కనిపించదు. యూరిన్‌లో షుగర్ ఉందా, నీళ్ళు ఎక్కువ తాగుతోందా, తింటున్నా బరువు తగ్గుతోందా, ఇవన్నీ కలిపి చూస్తాం.

ఇంట్లో మనుషులకి వాడే గ్లూకోమీటర్‌తో కుక్కకీ పిల్లికీ చూస్తున్నారు కొంతమంది, మీలో చేతులెత్తినవాళ్ళు దించేయండి, తప్పేం లేదు. కాకపోతే మన రక్తంలో గ్లూకోజ్ ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవంలో, ఎర్రకణాల్లో రెండిట్లోనూ బాగానే ఉంటుంది, కుక్క పిల్లుల్లో దాదాపు అంతా ప్లాస్మాలోనే ఉంటుంది, మన మెషీన్ లెక్క మన రక్తానికి కట్టింది కాబట్టి సాధారణంగా అసలు ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. జంతువుల కోసమే సెట్ చేసిన మీటర్లు ఉన్నాయి, ఇన్సులిన్ నడుస్తున్న పెట్ ఉంటే అది కొనుక్కోవడం మంచిది.

ప్లేట్‌లెట్ల సంగతి. మెషీన్ రిపోర్ట్‌లో పిల్లికి ప్లేట్‌లెట్లు 40 వేలు అని వస్తుంది, ఇంటివాళ్ళు ఏడుస్తూ వస్తారు. అప్పుడు నేను ఆ రక్తం చుక్కనే స్లైడ్ మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టి, ఆ పరిచిన పొర, దాన్నే స్మియర్ అంటాం, దాని చివర ఈక అంచులా సన్నబడే చోటికి జరిపి వాళ్ళనే చూడమంటాను, అక్కడ ఊదారంగులో తడిసిన పంచదారలా గుంపులు గుంపులుగా అతుక్కుపోయి ప్లేట్‌లెట్లు కనిపిస్తాయి. మెషీన్‌కి ఆ గుంపు గుంపంతా ఒక్కటిగానో, తెల్లకణంలానో కనిపిస్తుంది, లెక్కలో వేసుకోదు. పిల్లి రక్తంలో ఇది చాలా మామూలు, తీసేటప్పుడు సూది రెండుసార్లు కదిలినా జరుగుతుంది. స్మియర్ చూడకుండా ప్లేట్‌లెట్ నంబర్ ఒక్కటే నమ్మి మందులు మొదలుపెట్టడం నాకు అస్సలు ఇష్టం ఉండదు. మీ రిపోర్ట్‌లో ప్లేట్‌లెట్లు బాగా తక్కువ అని వస్తే "స్మియర్ చూశారా" అని అడగండి.

ఇప్పుడు పాజిటివ్, నెగెటివ్ అని చెప్పే కిట్ టెస్టులు. ఇక్కడే ఎక్కువ గందరగోళం. యాంటిజెన్ టెస్ట్ అంటే క్రిమినో దాని ముక్కనో వెతికేది. యాంటీబాడీ టెస్ట్ అంటే ఆ క్రిమికి ఒళ్ళు ఇచ్చిన జవాబుని వెతికేది. గోమార్ల వల్ల, అదే టిక్స్ వల్ల వచ్చే ఎర్లికియా అనే బ్యాక్టీరియా జబ్బు తీసుకోండి, యాంటీబాడీ రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, అంటే జ్వరం మొదలైన కొత్తల్లో నెగెటివ్ రావచ్చు, ఇక వచ్చాక జబ్బు తగ్గిపోయినా నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు ఉండిపోతుంది. కాబట్టి హాయిగా ఆడుకుంటున్న కుక్కకి పాజిటివ్ వచ్చిందంటే ఎప్పుడో తగిలి ఉండొచ్చు, ఇప్పుడు ఉందా లేదా అన్నది పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే టెస్ట్), సీబీసీ, లక్షణాలు కలిపి తేల్చాలి. కోర్సు అయిపోయాక తగ్గిందో లేదో అని మళ్ళీ అదే కిట్ వేయించి, పాజిటివే వచ్చిందని ఇంకో కోర్సు వేయించడం, ఇది మానాలి.

దోమల వల్ల వచ్చి గుండె దగ్గర చేరే పురుగు హార్ట్‌వార్మ్, దాని కిట్ ఎదిగిన ఆడ పురుగుల యాంటిజెన్‌ని పట్టుకుంటుంది, ఒంట్లోకి చేరిన తర్వాత దాదాపు ఆరు నెలలకి గానీ కనపడదు, పిల్లుల్లో ఒకటో రెండో పురుగులే ఉంటాయి కాబట్టి జబ్బు ఉన్నా నెగెటివ్ రావచ్చు. పార్వో అంటే కుక్కపిల్లలకి వాంతులు, విరేచనాలు తెచ్చే వైరస్, దాని కిట్ మోషన్‌లో వైరస్‌ని చూస్తుంది, మరీ మొదట్లోనూ చివర్లోనూ నెగెటివ్ రావచ్చు, ఈమధ్యే వ్యాక్సిన్ వేసి ఉంటే లైట్‌గా పాజిటివ్ గీత రావచ్చు, అందుకే వ్యాక్సిన్ ఎప్పుడు వేశారని గుచ్చి గుచ్చి అడుగుతాం. కుక్కపిల్ల వాంతులతో, రక్తం విరేచనాలతో పడిపోయి, తెల్లకణాలు అడుగంటి ఉంటే కిట్ నెగెటివ్ అన్నంత మాత్రాన నేను పార్వో కాదని ఇంటికి పంపను. పిల్లికూనల్లో ఎఫ్ఐవీ (పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్) టెస్ట్ పాజిటివ్ వస్తే తల్లి పాలలోంచి వచ్చిన యాంటీబాడీ అయ్యుండొచ్చు, ఆరు నెలలు దాటాక మళ్ళీ చేయాలి. ఆ ఒక్క గీత చూసి కూనని వదిలించుకున్నవాళ్ళున్నారు, అది తలుచుకుంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

కొంచెం లెక్క చేద్దాం, ఓపిక పట్టండి. ఒక టెస్ట్ జబ్బున్న నూటిలో 95ని పట్టుకుంటుంది, జబ్బులేని నూటిలో 95ని లేదనే చెప్తుంది. మంచి టెస్టే కదా. ఏ లక్షణాలూ లేని 1000 కుక్కలకి చేశాం, వాటిలో నిజంగా జబ్బున్నవి 10. ఆ పదిలో దాదాపు అన్నీ దొరుకుతాయి, కానీ మిగిలిన 990లో 5 శాతం, అంటే దాదాపు 50 కుక్కలకి లేని జబ్బు ఉందని వస్తుంది. పాజిటివ్ వచ్చిన 60లో నిజమైనవి పదే! అదే టెస్ట్‌ని లక్షణాలున్న 1000 కుక్కలకి, సగానికి సగం జబ్బున్నవాటికి చేస్తే 475 నిజం, 25 తప్పు. టెస్ట్ మారలేదు, ఎవరికి చేశామన్నది మారింది. అందుకే ముందు చేత్తో పట్టి చూసి, మిమ్మల్ని అడగాల్సినవి అడిగి, ఆ తర్వాతే టెస్ట్ రాస్తాం.

చర్మం మీద గడ్డల గురించి చెప్పకుండా వదలను. చేత్తో నొక్కి చూసి "కొవ్వు గడ్డేలే" అని ఎవరు చెప్పినా, నేను చెప్పినా సరే, అది ఊహే. మాస్ట్ సెల్ ట్యూమర్ అని ఒక క్యాన్సర్ ఉంది, మెత్తగా అచ్చం కొవ్వు గడ్డలాగే ఉండగలదు. ఇంజెక్షన్ సూదంత సూదితో రెండుసార్లు గుచ్చి, వచ్చిన కణాల్ని స్లైడ్ మీద చూస్తే చాలాసార్లు తెలిసిపోతుంది, మత్తు కూడా అక్కర్లేదు సాధారణంగా. ఆపరేషన్ చేసి తీసేసిన గడ్డని దయచేసి పారేయనివ్వకండి, ఫార్మలిన్‌లో, అంటే పాడవకుండా ఉంచే ద్రవంలో వేసి, హిస్టోపాథాలజీకి, అంటే పలచగా కోసి మైక్రోస్కోప్ కింద చూసే పరీక్షకి పంపమనండి, పూర్తిగా వచ్చిందా, అంచుల్లో మిగిలిందా అన్నది అక్కడే తెలిసేది.

దురద ఉన్న కుక్కలకి వెంట్రుకలు పంపితే, ఉమ్మి పంపితే ఫుడ్ అలర్జీ చెప్తాం అనే కిట్లు అమ్ముతున్నారు. వాటిమీద డబ్బు పెట్టకండి. ఫుడ్ అలర్జీ తేలాలంటే ఒకటే దారి, కనీసం ఎనిమిది వారాలు డాక్టర్ చెప్పిన ఆ ఒక్క ఆహారమే పెట్టి, ట్రీట్లు, ఫ్లేవర్ ఉన్న మాత్రలు కూడా ఆపి, దురద తగ్గితే మళ్ళీ పాతది పెట్టి దురద తిరిగొస్తుందేమో చూడాలి. కష్టమే, ఇంట్లో అందరూ మాట మీద నిలబడాలి, ఒక్కరు చాటుగా బిస్కెట్ పెట్టినా మళ్ళీ మొదటికే వస్తుంది.

టెస్ట్‌కి పెట్ రక్తం ఇవ్వడానికి వచ్చేముందు ఏం చేయాలి అని అడుగుతుంటారు. మామూలుగా 8 నుంచి 12 గంటలు తిండి ఆపాలి, నీళ్ళు ఇవ్వొచ్చు. తిని వస్తే సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన మిగిలే ద్రవం, పాలలా తెల్లగా అయిపోయి కొన్ని టెస్టులు తప్పొస్తాయి. కానీ కుక్కపిల్లలకి, పిల్లికూనలకి, బొమ్మల్లాంటి చిన్న జాతి కుక్కలకి, ఇన్సులిన్ మీద ఉన్నవాటికి అడగకుండా పస్తు పెట్టకండి. వాడుతున్న మందులన్నీ చెప్పండి, చెవిలో వేసే చుక్కలు, దురదకి పూసే క్రీమ్ కూడా, ఎందుకంటే వాటిలో స్టిరాయిడ్ ఉంటే కుక్కల్లో ఏఎల్‌పీ పెరగొచ్చు, ఫిట్స్‌కి వాడే ఫినోబార్బిటాల్ కూడా అంతే. తీసిన రక్తాన్ని సీరం వేరుచేయకుండా అలాగే ఉంచితే కణాలు గ్లూకోజ్‌ని తినేస్తూ ఉంటాయి, గంటకి 5 నుంచి 10 శాతం దాకా తగ్గుతుంది, అందుకే ట్యూబ్ తీసుకుని మధ్యలో వేరే పనులు చూసుకుని వెళ్ళొద్దు.

సభలోంచి ఒకావిడ: డాక్టర్ గారూ, మా కుక్కకి గుండె వీక్ అన్నారు, మాటిమాటికీ ఎక్స్‌రే తీయించాలా?

మాటిమాటికీ అక్కర్లేదమ్మా. మీ చేతిలోనే ఒక టెస్ట్ ఉంది, పైసా ఖర్చు లేదు. అది గాఢంగా నిద్రపోతున్నప్పుడు పక్కన కూర్చుని డొక్క పైకి లేచి కిందకి దిగడం ఒకటిగా లెక్కపెడుతూ ఒక నిమిషం చూడండి. కలలు కంటూ కాళ్ళు కదిలిస్తున్నప్పుడు కాదు, ప్రశాంతంగా ఉన్నప్పుడు. 30కి లోపు ఉంటే మంచిది. రోజూ రాసుకోండి. రెండు మూడుసార్లు చూసినా 30 దాటే ఉంటే, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో, మర్నాడు చూద్దాంలే అనుకోకుండా అదే రోజు ఫోన్ చేయండి, అప్పుడు ఎక్స్‌రే తీద్దాం.

ఇంకొకరు: వీధిలో ఒక కుక్క మా బాబుని కరిచింది సార్, దాని బ్లడ్ టెస్ట్ చేయించి రేబిస్ లేదని తేలితే ఇంజెక్షన్లు మానేయొచ్చా?

లేదండీ, మానకూడదు. ఇది అందరూ వినండి. బతికున్న కుక్కకి రక్తం తీసి రేబిస్ ఉందో లేదో తేల్చే టెస్ట్ లేదు. చనిపోయాక మెదడు నుంచి తీసిన ముక్కలో మాత్రమే గట్టిగా నిర్ధారించగలం. 0.5 యూనిట్ల యాంటీబాడీ ఉందని ఒక రక్తం రిపోర్ట్ ఇస్తారు, విదేశాలకి తీసుకెళ్ళేవాళ్ళు చేయిస్తారు, అది వ్యాక్సిన్ పనిచేసిందా అని చూసేది, జబ్బు లేదని చెప్పే సర్టిఫికెట్ కాదు. కరిచిన కుక్కని పది రోజులు గమనిస్తాం, కానీ ఆ పది రోజులయ్యేదాకా మనిషికి వైద్యం ఆపి కూర్చోవడానికి కాదు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలి, నిజంగా గడియారం చూసి పదిహేను నిమిషాలు, వెంటనే మనుషుల డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, వాళ్ళు చెప్పిన డోసులన్నీ ఆ తేదీల్లోనే వేయించాలి. బాబుని ఎప్పుడు కరిచింది? నిన్ననా? అయితే మీరు ఇక్కడ కూర్చోవద్దు, ఇప్పుడే బయల్దేరండి, ఏదైనా సందేహం ఉంటే నా నంబర్ ఇస్తాను, దారిలో మాట్లాడుకుందాం.